తిరగని చక్రాలు

హాలు తూర్పు గోడ మీద గీతలన్నీ పైకే వెళ్తాయి.

ఎడమ చివర, నేలకు జానెడు ఎత్తులో, 1882 అని రాసి ఉంటుంది. అక్కడ రెండే గీతలు. ఒకటి లండన్‌లో ఒక వీధి కరెంటు వాడకానిది, రెండోది న్యూయార్క్‌లో కొన్ని వీధులది. పది అడుగులు నడిస్తే ట్రాములు వస్తాయి, గీతలు పాతిక అవుతాయి. ఇంకో పది అడుగులకు రేడియోలు. యుద్ధాల దగ్గర కొన్ని గీతలు తెగుతాయి. నాలుగు వేళ్ళ అవతల మళ్ళీ మొదలై, తెగిన చోటికన్నా పైకి పోతాయి. ఆ తర్వాత ఫ్రిజ్‌లు, ఫ్యాక్టరీలు, మన పొలాల్లో మోటార్లు. మన ఊళ్ళ గీతలు ఆలస్యంగా మొదలై చాలా దూరం నేలను వదలవు. కుడి చివరికి వచ్చేసరికి అవి కూడా మనిషి తల దాటిపోతాయి. అమెరికా గీత చూడాలంటే మెడ ఎత్తాలి.

ఇన్ని గీతల్లో ఒక్కటి మధ్యలో కిందికి దిగింది. 1990లో దిగి, పదేళ్ళు కిందే ఉండి, 2000లో ఒక్క ఉదుటున లేచింది. దాని మొదట్లో నూకలపేట అని రాసి ఉంది. మూడు వేల గడప ఉన్న ఊరు. అక్కడ యుద్ధం రాలేదు, ఊరు ఖాళీ కాలేదు. ఆ పదేళ్ళలో ఆ ఊళ్ళో రెండు హైస్కూళ్ళు, ఒక ఆసుపత్రి కొత్తగా వచ్చాయి. కరెంటు వాడకం మాత్రం సగానికి పడిపోయింది.

పైడిరాజు రోజూ పొద్దున్న ఆ గోడ పక్కనుంచే పనిగదికి వెళ్ళేవాడు. నూకలపేట గీత దగ్గరికి వచ్చేసరికి అడుగు వేగం పెంచేవాడు.

అతనికి డెబ్బై రెండేళ్ళు. నూకలపేటలో ముప్పై ఏళ్ళు మీటర్ రీడరుగా పనిచేసి రిటైరయ్యాడు. నాలుగేళ్ళ కింద విశాఖపట్నం పాత రేవు దగ్గర, ఒకప్పటి గిడ్డంగిలో ఈ ప్రయోగశాల తెరిచినప్పుడు, పాత మీటర్లు విప్పడం తెలిసిన మనిషి కావాలని పేపర్లో వేశారు. వచ్చిన పదకొండు మందిలో, చక్రానికి వేలు తగలకుండా మీటరు విప్పినవాడు పైడిరాజు ఒక్కడే.

చక్రానికి వేలు తగలకూడదు. అక్కడి పనంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. పాతకాలపు మీటరులో అద్దం వెనక ఒక అల్యూమినియం చక్రం తిరిగేది, అందరూ చూసిందే. ఇంట్లో వాడకం పెరిగితే జోరుగా, తగ్గితే మెల్లగా. ఆ తిరుగుడులో కరెంటు చక్రం లోహంలోకి వెళ్ళి వచ్చేది. వెళ్ళి వచ్చిన ప్రతిసారీ లోహం పొరల్లో చిన్న మార్పు మిగిలేది. దాన్ని చదవొచ్చని కనిపెట్టింది డాక్టర్ ఫర్జానా. ఆదోని మనిషి, నలభై ఎనిమిదేళ్ళు. చక్రాన్ని మంచుకన్నా చల్లగా చేసి, దాని మీద వెంట్రుకలో వందో వంతు ఉన్న కాంతిని నడిపిస్తే, ఆ ఇంట్లో ఎప్పుడెంత కరెంటు వాడారో వెనక్కి వచ్చేది.

చదవడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకదాన్ని పరుగు అంటారు, రెండోదాన్ని నడక అంటారు. పరుగులో ఇరవై నిమిషాల్లో చక్రం జీవితమంతా చదివేస్తారు, నెలకో అంకె వస్తుంది. నడకలో ఒక అరవై రోజులే చదవగలరు, కానీ క్షణం క్షణం తెలుస్తుంది. రెండిట్లో ఏది చేసినా ఆ వేడికి చక్రంలో మిగిలిందంతా చెరిగిపోతుంది. ఒక చక్రాన్ని ఒక్కసారే చదవగలరు.

గోడ మీద గీతలకు పరుగు చాలు. నడకలో వచ్చింది నిజమో కాదో చూసుకోవడానికి ఫర్జానా ఒక గది కట్టించింది. అందులో పాత బల్బులు, ట్యూబులైట్లు, ఒక సీలింగ్ ఫ్యాను, ఫ్రిజ్, మిక్సీ, రేడియో పెట్టించింది. ట్యూబులైటు వెలిగే తీరు వేరు, ఫ్రిజ్ మోటారు అందుకునే తీరు వేరు. నడకలో వచ్చిన రాతను బట్టి యంత్రం వాటిని వెలిగిస్తుంది, ఆర్పుతుంది. పరీక్ష కోసం కట్టిన ఆ గదిని స్టాఫు ఇల్లు గది అన్నారు. పేపర్లో దాని గురించి రాశాక, అటకల మీద పాత మీటర్లు ఉన్నవాళ్ళు గేటు దగ్గర వరస కట్టారు.

వాళ్ళ కోసం ఒక నియమం పెట్టారు. ఏ ఊరివి చాలినన్ని చక్రాలు ఉన్నాయో, ఆ ఊరివాళ్ళ చక్రం నడకకు ఇస్తారు. లేని ఊళ్ళవి పరుగుకే. స్టాఫులో ఒక్కొక్కరికి మాత్రం ఏ ఊరిదైనా ఒక చక్రం నడకకు హక్కు ఉంది.

ఆ సోమవారం తెల్లారకముందే విజయనగరం నుంచి కమలాబాయి అనే రిటైర్డు టీచరు వచ్చింది. 1974 నాటి వాళ్ళమ్మ ఇంటి చక్రం. పైడిరాజు, టెక్నీషియను దేవదానం ఆవిణ్ణి ఇల్లు గదిలో కుర్చీలో కూర్చోబెట్టి వెనక నిలబడ్డారు.

గోడ గడియారంలో అయిదుంబావు అయ్యేసరికి ఒక బల్బు వెలిగింది.

"వంటిల్లు," అంది కమలాబాయి.

ఆరున్నరకి రేడియో వెనక దీపం వెలిగింది. చప్పుడు రాలేదు. చక్రానికి కరెంటు తెలుసు, పాట తెలీదు.

"అమ్మ వార్తలకి పెట్టేది. అవ్వగానే కట్టేసేది. పాటలు వస్తుంటే కట్టేస్తావేంటే అని నాన్న అరిచేవాడు."

రేడియో దీపం ఆరిపోయింది. ఆమె నవ్వింది. కాసేపటికి ముందుగది బల్బు గబగబా వెలిగింది, ఆరింది, వెలిగింది, ఆరింది, వెలిగింది.

"అది నేను," అంది ఆమె. "స్విచ్చి అందిన కొత్త. ఇప్పుడు కొడుతుంది చూడండి."

బల్బు ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు.

తర్వాత మధ్యాహ్నం దాకా గదిలో ఏదీ వెలగలేదు. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు.

బయటికి వచ్చాక దేవదానం చెయ్యి కడుక్కుంటూ అడిగాడు. "గురువుగారూ, మీ చక్రం ఎప్పుడండీ? స్టాఫందరిదీ అయిపోయింది. మా మాంగారిది కూడా చూపించీసాను."

"చూద్దాంలే."

"నాలుగేళ్ళ నుంచీ చూద్దాం అంటన్నారు. ఆ మీటర్లో ఇంకో ఆవిడ గానీ దొరికిపోద్దా ఏటి?"

"దొరికితే నీకే పెళ్ళి చేస్తాన్లే, పద," అన్నాడు పైడిరాజు.

ఆ సాయంత్రం ఫర్జానా అతన్ని పిలిచింది. ఆమె బల్ల మీద నూకలపేట కాగితాలు ఉన్నాయి.

"కూర్చోండి పైడిరాజు గారూ. గురువారం నైరోబి నుంచి బృందం వస్తోంది. నూకలపేట మీద నేను రాసింది వాళ్ళు చదివారు. వాళ్ళ దగ్గర పదకొండు ఊళ్ళు ఎంచుకున్నారు. సరఫరా సగానికి తగ్గించి పదేళ్ళు చూస్తారట. ఊళ్ళవాళ్ళు కూడా ఒప్పుకున్నారు. నూకలపేట బతికింది కదా, మేమూ బతుకుతాం అన్నారట."

పైడిరాజు కుర్చీ అంచున కూర్చున్నాడు.

"గోడ చూశారుగా. నూట యాభై ఏళ్ళు. ఎవడూ తగ్గించలేదు. తగ్గించమని చెప్పని వాడు లేడు, తగ్గించినవాడు లేడు. ఒక్క మీ ఊరు." ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "గురువారం మీరు వాళ్ళతో మాట్లాడాలి. ఆ పదేళ్ళూ ఇంటింటికీ తిరిగిన మనిషి మీరు. ఎలా బతికారో చెప్పండి చాలు."

"సగం అంటే, మేడమ్, ఫ్రిజ్‌లూ అవీ?"

"ఉండవు. మీ ఊళ్ళో కొన్నారు గానీ వాడినట్టు లేదు. బీరువాల్లాగా పెట్టుకున్నారేమో." ఆమె నవ్వింది. "నిజం చెప్పండి, బట్టలు పెట్టుకునేవారా?"

నూకలపేట కరెంటు కాలనీలో నలభై మూడు క్వార్టర్లు ఉండేవి. అందులో ముప్పై ఒక్క ఫ్రిజ్‌లు ఉండేవి. వేసవిలో అవి పగలూ రాత్రీ ఆడేవి. పైడిరాజుకు ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

"రేపు చెప్తాను మేడమ్," అని లేచాడు.

కంచరపాలెంలో అతను ఉండేది రెండు గదుల వాటా. వెళ్ళగానే బియ్యం కడిగి కుక్కరు పెట్టాడు. మంచం కింద టిఫిన్ క్యారేజీ సంచిలో ఒక మీటరు ఉంది. నల్లటి డబ్బా, ముందు అద్దం. తీసి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. కుక్కరు నాలుగు కూతలు వేసినా లేవలేదు.

1990 మే నెలలో అతని ఇంటికి ఫ్రిజ్ వచ్చింది. జూన్‌లో పక్క క్వార్టరు లైన్‌మన్ గుమ్మంలో నిలబడి అన్నాడు, "డిపార్టుమెంటోళ్ళం అయ్యుండి చక్రం తిప్పించుకోవాలేటి రాజూ?" అది నవ్వులాటకు అన్న మాటే. ఆ ఆదివారం పైడిరాజు స్టూలెక్కి, మీటరులోకి వచ్చే తీగకీ బయటికి పోయే తీగకీ మధ్య జానెడు ముక్క కట్టాడు. కరెంటు అడ్డదోవన పోయింది. చక్రం ఆగింది. పూర్తిగా ఆగితే అనుమానం కాబట్టి నెలకు రెండు మూడు రోజులు ముక్క తీసేసేవాడు.

వారం తిరక్కుండా లైన్‌మన్ ఇంట్లో కట్టాడు. రెండు నెలల్లో కాలనీ అంతా అయింది. తర్వాత బజారు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. పైడిరాజు వస్తే కుర్చీ వేసేవారు, కాఫీ ఇచ్చేవారు, పెళ్ళిళ్ళకు ముందు వరసలో కూర్చోబెట్టేవారు. అతనికి అది బాగుండేది. ముక్క కట్టేదీ అతనే, నెలకోసారి వెళ్ళి రీడింగు రాసేదీ అతనే.

భార్య అప్పలనరసమ్మకు మొదటి రోజే తెలిసింది. స్టూలు కాళ్ళ గుర్తులు చూసి అడిగింది. చెప్పాడు.

"నాలుగిళ్ళకెళ్ళి నువ్వింత వాడేవు, నువ్వంత వాడేవు అని రాస్తావు. మనింటికొచ్చేసరికి నీ చెయ్యి ఒణకదేటి?"

"ఊళ్ళో అందరూ..."

"అందరికీ కట్టింది ఎవుడు?"

ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు. తను మాత్రం ఫ్రిజ్‌లో నీళ్ళు తాగేది కాదు. ఎనిమిదేళ్ళు కుండలో నీళ్ళే తాగింది. కుండ నీళ్ళు రుచి అనేది. పైడిరాజు నమ్మినట్టే ఉండేవాడు.

1999 ఫిబ్రవరిలో పెద్దాసుపత్రిలో ఆమెను ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మంచం దిగనివ్వొద్దన్నారు. ఆటో దిగి లోపలికి తెచ్చి పడుకోబెట్టాక, ఆమె మీటరు బోర్డు వైపు చూసింది.

"నేనున్నన్నాళ్ళూ ఇంట్లో అది ఒద్దు, గౌరి నాన్నా."

ఆ మధ్యాహ్నమే ముక్క తీసేశాడు. పద్నాలుగో తారీకు. ఆమె మార్చి ఇరవై ఆరు దాకా ఉంది. అంటే నలభై రోజులు. పదహారేళ్ళ కాపురంలో ఆఖరి నలభై రోజులు ఆ చక్రంలో ఉన్నాయి. తర్వాత అతను మళ్ళీ ముక్క కట్టలేదు. 2000లో కొత్త మీటరు బిగించినప్పుడు పాతది స్టోరుకు పంపకుండా ఇంట్లో ఉంచుకున్నాడు. ఎందుకో అప్పుడు తెలీదు. ఇల్లు గది చూశాక తెలిసింది.

నాలుగేళ్ళుగా అతను ఆ నలభై రోజుల్నీ దాచుకుంటూ వచ్చాడు. చూసేస్తే అయిపోతాయి. ఆమె పడుకున్న గదిలో ట్యూబులైటు ఎన్నింటికి వెలిగేదో, తను డ్యూటీకి వెళ్ళాక ఆ ఇంట్లో ఏం జరిగేదో అందులో ఉంది. తను వెళ్ళాక ఏం జరిగేదో అతనికి ఎప్పుడూ తెలీదు. ఆ నెలన్నర రోజులూ అతను సెలవు పెట్టలేదు. ఇంట్లో కూర్చుని ఆమెను చూడలేక ఊరంతా తిరిగాడు.

మంగళవారం పొద్దున్న ఫర్జానా గదిలోకి వెళ్ళి నిలబడే చెప్పాడు.

"మేడమ్, నూకలపేట కరెంటు తగ్గించలేదు. దొంగిలించింది."

ఆమె తల ఎత్తింది. "ఏంటి?"

"మీటరు పక్కనుంచి తీగ కట్టీవాళ్ళం. చక్రం తిరిగేది కాదు. ఫ్రిజ్‌లు ఆడేవి, ఫ్యాన్లు ఆడేవి. 2000లో గీత లేవడం కాదు, ఆ యేడు కొత్త మీటర్లు పెట్టారు. వాటికి కట్టడం కుదర్లేదు."

"కట్టేవాళ్ళం అంటే ఎవరు?"

"నేనే."

"ఎన్ని ఇళ్ళు?"

"కాలనీ నలభై మూడు. తర్వాత బజారు. ఆరేడు వందలు ఉంటాయి."

ఫర్జానా పెన్ను మూత పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. "మూడు వేల ఇళ్ళలో ఏడు వందలు. అయినా సగానికి ఎలా పడుతుంది? నా దగ్గర నూకలపేట చక్రాలు రెండు వందల పది ఉన్నాయి. అందులో సగం ఆ ఏడు వందల్లోంచే వచ్చాయా?"

"అవి తెచ్చింది నేనే కదా, మేడమ్."

ఆమె నూకలపేట కాగితాలు దగ్గరికి లాక్కుంది.

"ఊరికెళ్ళి మీటర్లు సేకరించమన్నారు. నన్ను కూర్చోబెట్టి అటకెక్కి వెతికిచ్చేది ఎక్కువగా ఆ ఇళ్ళవాళ్ళే. మిగతా వాళ్ళలో చాలామంది నాకు తలుపు కూడా తీసీవారు కాదు. అప్పుడు నాకూ తట్టలేదు. గీత గోడెక్కాక తట్టింది."

"గోడెక్కి రెండేళ్ళయింది."

"అవును."

"రెండేళ్ళు నా పక్కన కూర్చుని టీ తాగారు."

ఫర్జానా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. బయట రేవులో క్రేను ఒక పెట్టెను ఎత్తి దించేదాకా అక్కడే నిలబడింది.

"మీ మాట ఒక్కదాని మీద నేను వెనక్కి తీసుకోలేను. ముసలాయన, గుర్తు తప్పింది అంటారు. వాళ్ళకిది కావాలి. నాకూ కావాలి. మీరు చెప్పలేదనుకుంటే ఏమవుతుంది?"

"అక్కడ పదకొండు ఊళ్ళు, మేడమ్. సగం కరెంటుతో మేం బతికేం అని వాళ్ళ ఫ్రిజ్‌లు తీసేస్తారు. మేం బతకలేదు."

ఆమె వెనక్కి వచ్చి కూర్చుంది. "రుజువు కావాలి. కట్టినప్పుడూ తీసినప్పుడూ రెండూ ఒకే చక్రంలో ఉండాలి. అదే ఇల్లు, అదే మనుషులు. ఎప్పుడు తీశారో తెలిసిన సాక్షి ఉండాలి. అలాంటి ఇల్లు ఏదైనా ఉందా?"

"ఒక్కటుంది. మిగతా వాళ్ళెవరూ కొత్త మీటర్లు వచ్చేదాకా తియ్యలేదు."

"ఎవరిది?"

అతను చెప్పాడు. ఫిబ్రవరి పద్నాలుగు సంగతి కూడా చెప్పాడు. ఎందుకు తీశాడో, ఎవరు తియ్యమన్నారో, ఆమె ఎప్పుడు పోయిందో. ఫర్జానాకు మిగతాది చెప్పనక్కర్లేదు. స్టాఫులో నడకకు హక్కు వాడుకోనిది ఎవరో ఆమెకు తెలుసు.

"నడక చేస్తే అరవై రోజులే వస్తాయి," అంది మెల్లగా. "ముందు తొమ్మిదేళ్ళ రాత చెరిగిపోతుంది. అది రుజువు కాదు."

"పరుగు చేయండి, మేడమ్."

"ఆలోచించుకోండి. రేపటిదాకా టైముంది."

"రేపటిదాకా ఉంచితే నేను తేను."

సంచి అప్పటికే అతని చేతిలో ఉంది.

సీలు అతనే తెంపాడు. అద్దం తీశాడు, పళ్ళచక్రాలు విప్పాడు, ఇరుసు పట్టుకుని చక్రాన్ని పైకి తీశాడు. నాలుగేళ్ళలో వేల చక్రాలు తీశాడు. దీనికీ వేలు తగల్లేదు. దేవదానం పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు అతనూ ఏ హాస్యమూ ఆడలేదు. పళ్ళెం యంత్రంలో పెట్టాక, "గురువుగారూ, కాస్త బయటికెళ్ళి కూర్చోండి, అయ్యాక పిలుస్తాను," అన్నాడు.

"ఇక్కడే ఉంటాన్లే."

యంత్రం చల్లబడడానికి గంట పట్టింది. చదవడానికి ఇరవై నిమిషాలు. పైడిరాజు గోడకి ఆనుకుని నిలబడి గడియారం చూశాడు. పదకొండు నలభైకి యంత్రం ఆగింది. పళ్ళెంలో చక్రం అలాగే ఉంది. చూడ్డానికి ఏ తేడా లేదు.

కాగితం వచ్చింది. 1990 మే, అరవై రెండు యూనిట్లు. జూన్, నాలుగు. జూలై, మూడు. అక్కణ్ణుంచి నూట రెండు నెలలు రెండూ, మూడూ, నాలుగూ. 1999 ఫిబ్రవరి, ముప్పై ఎనిమిది. మార్చి, డెబ్బై ఏడు.

ఫర్జానా ఆ వరసను వేలితో కింది దాకా చదివింది. కాగితం నకలు తీసుకుని, అసలుది అతనికి ఇచ్చేసింది.

నైరోబి బృందం గురువారం రాలేదు. బుధవారం ఫర్జానా వాళ్ళతో రెండు గంటలు మాట్లాడింది. గొంతు పెంచలేదని, మూడుసార్లు క్షమాపణ అడిగిందని దేవదానం చెప్పాడు. పదకొండు ఊళ్ళ పని ఆపేశారు. గురువారం పొద్దున్న ఆమె తెల్లరంగు డబ్బా, కుంచె పట్టుకుని హాల్లోకి వచ్చింది. స్టూలెక్కింది. అది ఊగుతుంటే పైడిరాజు వెళ్ళి పట్టుకున్నాడు.

ఆమె 1990 దగ్గర మొదలుపెట్టి, దిగిన గీతను తుడుచుకుంటూ పోయింది. తడి ఆరాక పెన్సిలు తీసుకుని చుక్కలు పెట్టింది. చుక్కలు పక్క ఊళ్ళ గీతలతో పాటు పైకి వెళ్ళాయి.

"పదహారేళ్ళ వయసులో నేను మొదటిసారి ఇలాంటి గీత చూశాను, పుస్తకంలో," అంది గోడ వైపు తిరిగే. "ఇది ఎక్కడో అక్కడ దిగాలి కదా అనుకున్నాను. ఒక్కటి దిగినా చాలు, ఎలా దిగిందో అడిగి తెలుసుకోవచ్చు. అందుకే ఇదంతా."

"తెలుసు, మేడమ్."

"మీ మీద కోపం పోలేదు."

"పోనక్కర్లేదు."

"స్టూలు సరిగ్గా పట్టుకోండి."

మధ్యాహ్నం భోజనం వేళ పైడిరాజు పనిగదిలో ఒక్కడే కూర్చుని కాగితం మడత విప్పాడు. ఇరవై ఆరేళ్ళు దాచుకున్న దానికి మిగిలింది రెండు అంకెలు. ఫిబ్రవరి పక్కన ముప్పై ఎనిమిది, మార్చి పక్కన డెబ్బై ఏడు.

మార్చి అంకెను చాలాసేపు చూశాడు. తర్వాత పెన్సిలు తీసుకున్నాడు. ఫ్రిజ్ రోజుకు ఇంత, కోతలు పోగా నెలకు ముప్పై ఆరు. రెండు ట్యూబులైట్లు, పదిహేను. టీవీ ఆమె మంచం మీంచి చూసేది, ఆరు. ఫ్యాను, ఇంకా ఎండలు ముదరలేదు కాబట్టి పన్నెండు. మిక్సీ, ఒకటి. మొత్తం డెబ్బై.

ఏడు మిగిలాయి.

మళ్ళీ వేశాడు. ఫ్యాను పెంచి చూశాడు. ఆమెకు చలి, రెండో నంబరు దాటనిచ్చేది కాదు. ట్యూబులైట్లు అంతకన్నా ఎక్కువ వెలగవు. ఏడు అలాగే ఉన్నాయి. ఏప్రిల్ వరస చూశాడు. ఫ్యాను పెరిగింది, టీవీ లేదు, లెక్క సరిపోయింది. ఏప్రిల్లో ఆ ఏడూ లేవు.

రోజుకు పావు యూనిట్ చొప్పున ఏదో ఆడింది. పెద్ద వాట్లది, కాసేపే ఆడేది. ఆ ఇంట్లో అలాంటి వస్తువు ఒక్కటే ఉండేది. పెన్సిలు కింద పెట్టి, పార్వతీపురంలో ఉన్న కూతురికి ఫోను చేశాడు.

"గౌరీ, భోంచేశావా?"

"స్కూల్లో ఉన్నాను నాన్నా. చెప్పు."

"మీ అమ్మ పోయిన నెలలో నా ఖాకీ చొక్కాలు ఎక్కడ ఇస్త్రీ చేయించేదానివి?"

"బండి దగ్గర. వీధి చివర బండి." ఆగింది. "ఇప్పుడెందుకు?"

"అది బొగ్గుల ఇస్త్రీ కదమ్మా. కరెంటు అక్కర్లేదు."

అవతల పిల్లలు పాఠం అప్పజెప్తున్న గోల వినపడింది. తర్వాత ఏదో తలుపు మూసిన చప్పుడు.

"అమ్మ చెప్పొద్దంది నాన్నా."

"మంచం దిగొద్దన్నారు."

"నాకు తెలీదా? దెబ్బలాడాను కూడా. వింటేనా! మీ నాన్న పదిళ్ళకెళ్ళే మనిషి, చొక్కా నలిగితే అందరూ నన్నంటారు అనేది. నువ్వు ఆ ముక్క తీసిన రోజు నుంచీ మొదలెట్టింది. ఇప్పుడైతే ఇస్త్రీ పెట్టె పెట్టుకోవచ్చు, మన కరెంటే కదా అంది."

పైడిరాజు కాగితం మీద చెయ్యి వేసి ఉంచాడు.

"ఏ పూట చేసీది?"

"ఏంటి?"

"నేనెళ్ళగానేనా, మధ్యాహ్నమా? ఒక్కసారేనా, ఆగి ఆగి చేసీదా?"

"నేను ఎనిమిదికే కాలేజీకి వెళ్ళిపోయేదాన్ని కదా. వచ్చేసరికి మడతపెట్టి ఉండేవి."

"నిలబడి చేసీదా, కూర్చునా?"

అవతల బడి గంట మోగింది.

"తెలీదు నాన్నా," అంది.